చీకటి బాటకు వెలుగు కూర్చినవాడు: రాబర్ట్ బాష్

నల్లగొండ, మహబూబునగరు సీమలలో రాత్రిపూట ప్రయాణం చేసిన వారికి వెలుగు విలువ చక్కగా తెలియును. దేవరకొండ నుండి డిండి మీదుగా అచ్చంపేటకు పోవు దారి గాని, మన్ననూరు వద్ద నల్లమల అంచున మలుపులు తిరుగు దారి గాని తీసుకొన్నచో, ఊరికీ ఊరికీ నడుమ చాలా దూరం చీకటియే తోడు. బోడి గుట్టలు, చెరువు కట్టలు, దారికి అడ్డు వచ్చు పశువులు, దీపం లేని ఎడ్లబండ్లు, ఇవన్నియు బాటసారి కంటికి కనబడునది మోటారు దీపం వెలుగు సాగినంత మేరకే. అందుచేతనే ఈ సీమల యువకులు కొందరు తమ మోటారు సైకిళ్లకు కంపెనీవారు అమర్చిన దీపం చాలక, మరి రెండు దీపాలను అదనంగా బిగించుకొందురు. దీపం బిగించుట సులభమే. దానికి తీగ వేయుట మాత్రం ఒక విద్య. ఆ విద్య తెలియని చేతిలో వెలుగునిచ్చు తీగయే బండిని కాల్చు నిప్పు కాగలదు.

మోటారు బండిలో విద్యుత్తును అదుపులో పెట్టి, దానిచేత చక్కగా పని చేయించుకొను పద్ధతిని లోకానికి నేర్పిన వారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశస్థుడైన రాబర్ట్ బాష్. ఆ పేరు మనకు కొత్తది కాదు. 1951లో బెంగుళూరులో స్థాపితమైన మోటారు పరిశ్రమల కంపెనీ, అనగా మన మెకానిక్కులందరి నోట నలిగిన మైకో, ఆయన నెలకొల్పిన సంస్థ సహకారంతో వెలసినదే. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారినది. లారీ పంపుల మీద, స్పార్కు ప్లగ్గుల పెట్టెల మీద ఆ పేరు చదివినవారు వేలకొలది కలరు. పేరు తెలిసినంతగా ఆ మనిషి చరిత్ర మాత్రం మనకు తెలియదు. విద్యార్థులును, ఉపాధ్యాయులును తెలిసికొనదగిన చరిత్ర అది.

పూటకూళ్ల ఇంటి బిడ్డ

జర్మనీ దక్షిణ భాగంలో ఉల్మ్ అను పట్టణం కలదు. దానికి చేరువనున్న ఆల్బెక్ గ్రామంలో 1861 సెప్టెంబరు 23వ తేదీన రాబర్ట్ బాష్ జన్మించినారు. తల్లిదండ్రులకు కలిగిన పన్నెండుగురు సంతానంలో ఆయన పదకొండవవాడు. తండ్రి సెర్వేషియస్ వ్యవసాయం చేయుచు, బాటసారుల కొరకు ఒక పూటకూళ్ల సత్రం నడిపెడివాడు. కలిగిన కుటుంబమే. ఆ తండ్రి తన వర్గం వారిలో చాలమందికి లేని చదువు, స్వతంత్ర భావాలు గలవాడు. పిల్లల చదువు విషయమై అతడు ఎంతో పట్టుదల చూపెడివాడు.

1869లో కుటుంబం ఉల్మ్ పట్టణానికి మారినది. బాలుడైన రాబర్ట్ అచ్చటి పాఠశాలలో చేరినాడు గాని, చదువులో పేరు తెచ్చుకొన్నవాడు కాడు. చెట్లు చేమలు, జంతువులు అన్నచో ఆ బాలునికి అమితమైన ఇష్టం. అయినను తండ్రి సలహాపై 1876లో సూక్ష్మ యంత్రాల పనిలో శిష్యరికం ఆరంభించినాడు. ఆ శిష్యరికం మూడేండ్లు సాగినది. గురువు శిష్యులను పట్టించుకొనెడివాడు కాడు. పని నేర్పుటయందు శ్రద్ధ లేదు. ఆ మూడేండ్లలో నేర్వలేకపోయిన దాని బాధ బాష్ మనసులో చిరకాలం నిలిచిపోయినది. తరువాతి కాలంలో తాను యజమాని అయినప్పుడు శిష్యులకు పని నేర్పుటకై ప్రత్యేకమైన శిక్షణశాల పెట్టించుటకు ఆ బాధయే కారణం. చెడ్డ గురువు నుండి కూడ ఒక పాఠం నేర్వవచ్చునని ఈ సంగతి తెలుపుచున్నది.

ఊరూరు తిరిగి నేర్చిన విద్య

శిష్యరికం ముగిసిన తరువాత బాష్ ఏడేండ్ల పాటు అనేక పట్టణాలలో, అనేక కర్మాగారాలలో పని చేసినారు. కొలోన్, న్యూరెంబర్గ్, స్టుట్‌గార్ట్ నగరాలలో కూలికి పని చేయుచు విద్యుత్ యంత్రాలను దగ్గరగా చూచినారు. ఆనాటికి విద్యుత్తు ఇంకను పసిబిడ్డయే. ఎడిసన్ విద్యుద్దీపం వెలిగి నాలుగైదు సంవత్సరాలు మాత్రమే గడచినవి.

చేతిపని వచ్చినను శాస్త్రం రానందున తనకు ఒక కొరత ఉన్నదని బాష్ గ్రహించినారు. 1883లో స్టుట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో అతిథి విద్యార్థిగా చేరి, సుమారు ఆరు నెలలు పాఠాలు విన్నారు. అచ్చట ఆయన పెద్ద పండితుడు కాలేదు. కాని వోల్టేజి మొదలైన మాటలు వినినప్పుడు కలిగెడి భయం ఆ ఆరు నెలలలో వదలినదని ఆయనయే తరువాత చెప్పుకొన్నారు. పదాల భయం వదలుటయే విజ్ఞానానికి తొలి మెట్టు అని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కర లేదు.

1884లో ఆయన అమెరికాకు పయనమై, న్యూయార్కులో ఎడిసన్‌కు చెందిన యంత్రాలయంలో పని చేసినారు. అచ్చట కార్మిక సంఘంలో కూడ చేరినారు. మరుసటి సంవత్సరం లండను వచ్చి, సీమెన్స్ సోదరుల కర్మాగారంలో కొంతకాలం గడిపినారు. ఇరువది అయిదేండ్లు నిండునప్పటికి జర్మనీ, అమెరికా, ఇంగ్లండు దేశాల పని తీరులు మూడును ఆయనకు కరతలామలకమైనవి.

1886 నవంబరు 15వ తేదీన స్టుట్‌గార్ట్ నగరంలో, ఒక ఇంటి వెనుక భాగంలో, సూక్ష్మ యంత్రాలకును విద్యుత్ పనులకును ఒక చిన్న కార్ఖానా తెరచినారు. పనివారు ఇద్దరే. ఒకడు మెకానిక్కు, మరియొకడు పై పనులు చేయు కుర్రవాడు. పెట్టుబడి తండ్రి ఆస్తిలో తన వాటాగా వచ్చిన పదివేల మార్కులు. ఇండ్లకు విద్యుత్ గంటలు అమర్చుట, టెలిఫోను తీగలు లాగుట, పిడుగు తీగలు బిగించుట, ఏ పని వచ్చినను కాదనెడివారు కారు. ఖాతాదారుల ఇండ్లకు పోయి పని చూచుటకు 1890 ప్రాంతంలో ఒక సైకిలు కొన్నారు. ఆ నగరంలో ఆనాడు సైకిలు వింత వస్తువు. ఇంత పాటుపడినను తొలి సంవత్సరాలు గడ్డుగా గడచినవి. అప్పులు మీదపడి, పనివారిని తగ్గించుకొనవలసి వచ్చినది. ఆ కష్టకాలంలో తల్లి, బంధువులు ఆదుకొన్నారు.

ఒక నిప్పురవ్వ కథ

పెట్రోలు యంత్రం నడువవలెనన్నచో దాని లోపల గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమానికి సరియైన క్షణంలో నిప్పు తగులవలెను. క్షణం తప్పినచో యంత్రం నడువదు. ఆనాటి వారికి ఇదియే తీరని చిక్కు. 1887లో ఒక చిన్న యంత్రాల తయారీదారు బాష్ కార్ఖానాకు వచ్చి, మరియొక చోట తాను చూచిన నిప్పురవ్వ పుట్టించు సాధనం వంటి దానిని చేసి ఇవ్వగలరా అని అడిగినాడు. బాష్ పోయి ఆ సాధనాన్ని పరిశీలించినారు. దానికి పేటెంటు హక్కు లేదని తెలిసికొన్న పిమ్మట, దానిని మెరుగు చేసి తాము తయారు చేసినారు. అయస్కాంతాల నడుమ రాగితీగ చుట్టిన ముక్క కదలినప్పుడు విద్యుత్తు పుట్టును. ఫారడే కనిపెట్టిన ఈ సూత్రం మీదనే ఆ సాధనం పని చేయును. దానికి మాగ్నెటో అని పేరు. బ్యాటరీతో దానికి పని లేదు.

ఆ సాధనం ఒక చోట కదలక నిలిచి మెల్లగా తిరుగు యంత్రాలకు సరిపోయినది. బండి యంత్రాలు అంతకంటె ఎన్నో రెట్లు వేగంగా తిరుగును. 1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అను ఇంగ్లీషు వ్యాపారి, ఫ్రాన్సులో తయారైన ద దియాన్ బూతాన్ మూడు చక్రాల మోటారు బండిని బాష్ కార్ఖానాకు తెప్పించి, దానికి మాగ్నెటో అమర్చవలెనని కోరినాడు. ఆ బండి యంత్రం నిమిషానికి సుమారు 1800 సార్లు తిరుగును. బాష్ వద్ద పని చేయు ఆర్నోల్డ్ జారింగర్ అను నిపుణుడు ఒక ఉపాయం కనిపెట్టినాడు. బరువైన తీగచుట్టను కదలించుటకు బదులు, దాని చుట్టును తేలికయైన లోహపు తొడుగును కదలించినచో చాలునని అతడు గ్రహించినాడు. అది ఫలించినది. మోటారు సైకిలుకు పెద్దన్న వంటి ఆ మూడు చక్రాల బండితోనే బాష్ పేరు రహదారి ఎక్కినది.

1902లో గాట్‌లాబ్ హోనాల్డ్ అను ఇంజనీరు అంతకంటె గొప్ప పని సాధించినాడు. ఇతడు బాలుడుగా ఉన్నప్పుడు బాష్ వద్దనే శిష్యరికం చేసి, పిదప ఉన్నత విద్య ముగించి, తిరిగి గురువు వద్దకే వచ్చినవాడు. అధిక వోల్టేజి పుట్టించు మాగ్నెటోను, దానితో కలిసి పని చేయు స్పార్కు ప్లగ్గును ఇతడు రూపొందించినాడు. అటు తరువాత బాష్ కార్ఖానాకు తిరుగు లేకపోయినది. 1906 నాటికి లక్షవ మాగ్నెటో తయారైనది. వలయంలో ఇమిడిన మాగ్నెటో తీగచుట్ట బొమ్మయే నేటికిని ఆ సంస్థకు ముద్ర. దానిని గీసినది కూడ హోనాల్డే.

దీపం ఒక్కటి కాదు, సంసారం

ఆనాటి మోటారు సైకిలుకు మాగ్నెటో నిప్పురవ్వ నిచ్చెడిది గాని, దారికి వెలుగు నిచ్చెడిది కాదు. వెలుగుకు కార్బైడు దీపమే శరణ్యం. కార్బైడు ముక్కల మీద నీటి చుక్కలు పడినప్పుడు వాయువు పుట్టును. దానికి అగ్గిపుల్లతో నిప్పు అంటింపవలెను. గాలికి రెపరెపలాడును, వానకు ఆరిపోవును, మసి పట్టును. వేగంగా పోవు బండికి అది తగిన దీపం కాదు.

విద్యుద్దీపం పెట్టిన సరిపోవును గదా అని ఎవరైనను అడుగవచ్చును. కాని చిక్కంతయు అచ్చటనే కలదు. బండి వేగం పెరిగినప్పుడు డైనమో ఎక్కువ విద్యుత్తు నిచ్చి దీపాన్ని మాడ్చివేయును. వేగం తగ్గినప్పుడు దీపం మసకబారును. బండి ఆగినప్పుడు దీపమే ఆరిపోవును. కావున డైనమో ఒక్కటే చాలదు. అదనపు విద్యుత్తును నిలువచేయు బ్యాటరీ కావలెను. హెచ్చుతగ్గులను సరిదిద్దు రెగ్యులేటరు కావలెను. ఈ మూడింటికిని తగిన దీపాలు కావలెను. 1913లో బాష్ సంస్థ ఈ నాలుగింటిని ఒక్క సెట్టుగా చేర్చి, బాష్ దీపం అను పేరుతో అమ్మకానికి పెట్టినది. మోటారు దీపం అనునది ఒంటరి వస్తువు కాదు, ఒకదానిపై ఒకటి ఆధారపడిన సంసారం అని లోకానికి తెలిపినది ఈ ఏర్పాటు. నేడు మోటారు సైకిలుకు అదనపు దీపం బిగించువారు మొదట మరచునది ఈ సత్యాన్నే.

చెరువు చెప్పు పాఠం

విద్యుత్తు కంటికి కనబడదు గాని, నీరు కనబడును. నల్లగొండ చెంతనున్న పానగల్లు ఉదయసముద్రం వంటి చెరువును తలచుకొన్నచో ఈ విషయం పిల్లలకు సుబోధకమగును. బ్యాటరీ చెరువు వంటిది. వోల్టేజి నీటిమట్టం ఎత్తు వంటిది. తీగ కాలువ వంటిది. ఆంపియర్లు కాలువలో పారు నీటి పరిమాణం వంటివి. సన్నని కాలువలోనికి పెద్ద పారుదల వదలినచో గట్లు తెగును. సన్నని తీగలో ఎక్కువ విద్యుత్తు పారినచో తీగ వేడెక్కును. జూల్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించినట్లు, విద్యుత్ప్రవాహం రెండింతలైనచో వేడి నాలుగింతలగును. తీగపై తొడుగు కరగుటకు, పక్కనున్న తీగను తాకి మంట పుట్టుటకు ఇదియే మూలం.

ఒక లెక్క చూడవలెను. 55 వాట్ల దీపాలు రెండు, 12 వోల్టుల బ్యాటరీకి బిగించినారనుకొందము. మొత్తం 110 వాట్లు. దానిని 12తో భాగించినచో ప్రవాహం 9 ఆంపియర్లకు మించును. హ్యాండిలు మీది చిన్న స్విచ్చి అంత భారం మోయుటకు చేసినది కాదు. దాని గుండా ఆ ప్రవాహాన్ని పంపినచో లోపలి రాగి రేకులు కాలి అతుకుకొనును. అపుడు దీపం ఆర్పుదమన్నను ఆరదు. దీనికి విరుగుడు రిలే అను సాధనం.

చెరువు తూము తెరచుటకు ఊరిలో నీరటి యుండును. పెద్ద రైతు తానుగా పోయి తూము ఎత్తడు. కబురు పంపినచో నీరటి పోయి ఎత్తును. రిలే అట్టి నీరటియే. స్విచ్చి పంపు కొద్దిపాటి విద్యుత్తు రిలేలోని తీగచుట్టను అయస్కాంతంగా మార్చును. ఆ అయస్కాంతం లోపలి లోహపు నాలుకను లాగును. అంతట బ్యాటరీ నుండి దీపాలకు పెద్ద దారి తెరచుకొనును. స్విచ్చి మీద పడు భారం ఆంపియరులో స్వల్ప భాగమే. జర్మన్ ప్రమాణాల ప్రకారం రిలే కాళ్లకు అంకెలుండును. 30 అను కాలు బ్యాటరీ ధన ధ్రువం నుండి వచ్చు తీగకు, 87 దీపాలకు పోవు తీగకు, 85, 86 లోపలి తీగచుట్టకు గుర్తులు. నల్లగొండ వీధిలోని మెకానిక్కు చేతిలో ఉన్న రిలే మీద కూడ ఈ అంకెలే కనబడుట కద్దు.

ఇక ఫ్యూజు. చెరువు నిండి కట్ట తెగు ప్రమాదం కలిగినప్పుడు మత్తడి దూకి కట్టను కాపాడును. ఫ్యూజు తాను కరగి తీగలను కాపాడును. మత్తడిని మూసివేసిన ఊరికి ఏ గతి పట్టునో, మాటిమాటికి కాలుచున్నదని ఫ్యూజుకు బదులు రాగితీగ చుట్టిన బండికి అదే గతి పట్టును. ఫ్యూజు కాలుట తప్పు కాదు, ఎచ్చటనో తప్పున్నదను హెచ్చరిక. పై లెక్కలోని దీపాలకు 15 ఆంపియర్ల ఫ్యూజును, దానికి తగిన సుమారు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగను వాడుట మంచిది. ఫ్యూజును బ్యాటరీ ధన ధ్రువానికి జానెడు దూరంలోపుననే పెట్టవలెను. దీపం దగ్గర పెట్టినచో, నడుమనున్న తీగ ఎచ్చటనైన ఒరసి బండి ఇనుమును తాకినప్పుడు ఆ ఫ్యూజు దానిని కాపాడలేదు.

మిగిలినవి చిన్న జాగ్రత్తలే గాని, పెద్ద ఫలమిచ్చునవి. పనికి ముందు బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను విప్పవలెను. పని ముగిసిన తరువాత చివరగా దానిని బిగింపవలెను. దీపాల ఋణపు తీగను రంగు పూసిన చట్రానికి గాక, నేరుగా బ్యాటరీ ఋణ ధ్రువానికి చేర్చుట క్షేమం. హ్యాండిలు ఇరుప్రక్కలకును పూర్తిగా తిప్పిచూచి, తీగ లాగుకొనకుండ, నలుగకుండ వదులు ఉంచవలెను. పొగగొట్టానికి దూరంగా, తొడుగులో నడిపింపవలెను. అతుకులు మెలివేసి టేపు చుట్టి వదలక, గట్టిగా నొక్కి బిగించి నీరు చొరకుండ కప్పవలెను. రిలే తీగచుట్టకు వచ్చు విద్యుత్తును తాళం తిప్పినప్పుడు మాత్రమే వచ్చు తీగ నుండి తీసికొన్నచో, బండి ఆపిన తరువాత దీపాలు మరచిపోయి బ్యాటరీ ఎండుట యుండదు. అన్నింటికంటె ముందు ఆ బండి విద్యుత్తు పుట్టించు శక్తి ఎంతో కనుగొనవలెను. చెరువులోనికి వచ్చు వాగు సన్నగా ఉన్నప్పుడు తూములు రెండు ఎత్తినచో చెరువు ఎండును గదా! తక్కువ వాట్లతో ఎక్కువ వెలుగు నిచ్చు ఎల్‌ఈడీ దీపాలు ఈ చిక్కును కొంత తగ్గించినవి. 20 వాట్ల దీపాలు రెండింటికి మూడున్నర ఆంపియర్లలోపు ప్రవాహం చాలును. తగ్గిన ప్రవాహానికి తగినట్లు 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టవలెను గాని, పెద్ద ఫ్యూజు ఉంచరాదు.

వెలుగు తన దారికే గాని ఎదుటివాని కంటికి కాదు. అదనపు దీపాలు దూరపు వెలుగుతోడనే వెలిగి, వెలుగు దించినప్పుడు తామును ఆరునట్లు తీగ వేయుట మర్యాదయును, క్షేమమును. ఎదుటి ఎడ్లబండి తోలువాని కండ్లు చెదరినచో, ఆ దీపం వలన కలిగిన మేలు కంటె కీడే ఎక్కువ. మోటారు వాహనాల నిబంధనలు అనుమతించిన మేరకే వాటిని అమర్చవలెనని వేరుగా చెప్పనక్కర లేదు.

యజమానిగా బాష్

యంత్రం విషయమై ఎంత జాగ్రత్తయో మనుషుల విషయమైనను బాష్‌కు అంత జాగ్రత్త. 1906లోనే ఆయన తన కర్మాగారంలో రోజుకు ఎనిమిది గంటల పని విధానం ప్రవేశపెట్టినారు. జర్మనీలో ఆ పని చేసిన తొలి యజమానులలో ఆయన ఒకరు. 1910లో శనివారం మధ్యాహ్నం సెలవు ఇచ్చినారు. తోటి యజమానులు ఆయనను ఎర్ర బాష్ అని ఎగతాళి చేసినారు. అయినను 1913లో ఆయన కర్మాగారంలోనే సమ్మె జరిగినది. కార్మికుల మేలు కోరినవాడనను నమ్మకం గల బాష్ మనసు దానివలన గాయపడినది. ఆ తరువాత ఆయన అదివరకు దూరంగా ఉండిన యజమానుల సంఘంలో చేరినారు. ఆయన జీవితంలో తీరని వేదనలలో ఇది ఒకటి.

పొదుపులో మాత్రం ఆయన కఠినులు. కర్మాగారంలో తిరుగునప్పుడు నేలపై కాగితాల పిన్ను కనబడినచో ఎత్తి చూపి, అది తన సొమ్మని పనివారికి గుర్తుచేసెడివారట. అక్కరలేని చోట దీపం వెలిగినచో సహించెడివారు కారు. కాని సరకు నాణ్యం విషయంలో ఖర్చుకు వెనుదీసెడివారు కారు. డబ్బు పోయినను ఫరవాలేదు గాని, కొన్నవాని నమ్మకం పోరాదనునది ఆయన వ్యాపార ధర్మం. చీకటి రాత్రి దారి నడుమ ఆరిపోవు దీపం అమ్మినవాడు అపహరించునది డబ్బు మాత్రమే కాదని ఆయన ఎరిగియుండిరి.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు కర్మాగారానికి సైన్యం పనులు విరివిగా వచ్చినవి, లాభాలు పెరిగినవి. మనుషుల చావు వలన వచ్చిన సొమ్ము తనకు వలదని బాష్ తలచినారు. 1916లో నెక్కార్ నది కాలువ నిర్మాణానికై ఒక కోటి ముప్పది లక్షల మార్కులు విరాళంగా ఇచ్చినారు. యుద్ధం ఆయనకు బయటి దేశాలలోని ఆస్తిని పోగొట్టినది. అమెరికాలోని ఆయన సంస్థను ఆ ప్రభుత్వం స్వాధీనం చేసికొన్నది. 1921లో ఆయన కుమారుడు రాబర్ట్ దీర్ఘవ్యాధితో మరణించినాడు. వ్యాపారానికి వారసుడు కావలసిన బిడ్డ అతడు. అయినను పని ఆగలేదు. 1921లో మోటారు హారను, 1926లో అద్దం తుడుచు వైపరు, 1927లో డీజిలు పంపు వరుసగా వెలువడినవి. నైజాము సంస్థానంలో 1932లో ప్రభుత్వ బస్సులు నడచునాటికి, మోటారు బండి అన్నచో విద్యుద్దీపం, హారను సహజమైన అంగాలై పోయినవి.

వెలుగు వెనుక నీడ

1933లో హిట్లరు అధికారానికి వచ్చుట బాష్‌కు ఇష్టం లేదు. ఫ్రాన్సుతో స్నేహం, ఐరోపాలో శాంతి కోరినవారు ఆయన. ఆయనయు, హాన్స్ వాల్జ్ మొదలైన ఆయన అనుచరులును యూదులనేకులకు ధనసహాయం చేసి, దేశం విడిచి పోవుటకు తోడ్పడినారు. హిట్లరుకు ఎదురు నిలిచిన కార్ల్ గోయెర్డెలర్‌ను 1937లో సంస్థ సలహాదారుగా పెట్టుకొని ఆయన పనికి అండ ఇచ్చినారు. గోయెర్డెలర్ 1945లో ఉరికంబమెక్కినాడు.

అయినను చరిత్ర ఒక ప్రక్కనే చూపరాదు. ఆ సంస్థయే హిట్లరు సైన్యానికి కావలసిన సరకులు తయారు చేసినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బలవంతంగా తీసుకొని రాబడిన సుమారు ఇరువది వేల మంది చేత ఆ కర్మాగారాలలో పని చేయించినారు. ఎనిమిది గంటల పని దినాన్ని ముందుగా ఇచ్చిన యజమాని పేరు గల కర్మాగారంలో ఇట్టిది జరుగుట చూచినప్పుడు, మంచివాని మంచితనం ఒక్కటే దుర్మార్గపు రాజ్యాన్ని ఆపజాలదని తెలియును. ఫ్యూజు లేని రాజ్యం అది. హద్దు మీరిన అధికారాన్ని తెంచు సాధనం అచ్చట ఏదియు మిగులలేదు.

1942 మార్చి 12వ తేదీన రాబర్ట్ బాష్ స్టుట్‌గార్ట్‌లో మరణించినారు. తన సంస్థ ఆదాయం ప్రజోపకారానికి వినియోగపడవలెనని ఆయన వీలునామాలో కోరియుండిరి. 1964లో వారసులు తమ వాటాలలో ఎక్కువ భాగం ధర్మసంస్థకు అప్పగించి ఆ కోర్కె తీర్చినారు. విద్య, వైద్యం, దేశాల నడుమ మైత్రి ఆ ధర్మసంస్థ పోషించు పనులు. ఆయన ఇచ్చిన ధనంతో 1940లో తెరచిన ఆసుపత్రి స్టుట్‌గార్ట్‌లో నేటికిని రోగులకు సేవ చేయుచున్నది.

పాఠశాలలో ఈ చరిత్ర చెప్పు ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగం చేసి చూపవచ్చును. టార్చిలైటు సెల్లు ఒకటి, చిన్న బల్బు ఒకటి, గిన్నెలు తోము ఉక్కు పీచు నుండి తీసిన సన్నని పోగు ఒకటి చాలును. బల్బుతో కలిపినప్పుడు పోగు చల్లగా ఉండును, బల్బు వెలుగును. బల్బును తప్పించి సెల్లు రెండు కొనలను పోగుతోనే కలిపినచో అది ఎర్రబారి తెగిపోవును. దానిని చేతితో తాకక, పింగాణి పలకపై పెట్టి చూపవలెను. ఆ క్షణంలో పిల్లలకు ఫ్యూజు అర్థమగును. ఆల్బెక్ గ్రామంలో పుట్టిన ఒక సాధారణ బాలుడు ఆరు నెలల పాఠాలతో పోగొట్టుకొన్న భయం, ఆ ఒక్క క్షణంలో వారికిని పోవును. అటువంటి పిల్లవాడు రేపు పెద్దవాడై తన బండికి దీపం బిగించుకొన్నప్పుడు, తీగ ఎంత లావు, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు అని ముందుగా అడుగును. ఆ ప్రశ్న అడుగువాని ఇంటికి రాత్రి ప్రయాణం క్షేమంగా ముగియును.